డిడ్జెరిడూ సంప్రదాయ పద్ధతిలో నేర్చుకోవడం ఎలా: గొట్టం కోయడం నుంచి తాళంలో ఊపిరి దాకా

"గొట్టం కొన్నాను, గుయ్యిమని మోగుతోంది. తర్వాత ఏం చేయాలి?" ఆస్ట్రేలియా ఆదివాసుల పొడుగాటి ఊదే వాద్యం డిడ్జెరిడూ గురించి అడిగేవాళ్లలో ఎక్కువమందిది ఇదే ప్రశ్న. కొందరు సిడ్నీలో సర్క్యులర్ కీ రేవు దగ్గర విని మనసు పారేసుకున్నవాళ్లు, కొందరు వీడియోలు చూసి మొదలుపెట్టినవాళ్లు. అందరూ ఇరుక్కునే చోటు కూడా ఒకటే. శ్వాస తిప్పడం (మోత ఆపకుండానే ముక్కుతో గాలి పీల్చడం) వస్తుంది, ఆపకుండా మోత వస్తుంది, కానీ అది ఈ వాద్యం పుట్టిన ఉత్తరాది ఆర్నెమ్ ల్యాండ్ వాయింపులా మాత్రం ఉండదు.

దీనికి కారణం వరస తిరగబడటమే. ముందు ఎడతెగని మోత నేర్చుకుని, తర్వాత దాని మీద లయ అతికించాలని చూస్తారు. అక్కడివాళ్ల పద్ధతిలో లయను ముందు నోటితో పలుకుతారు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది ఆ పలుకులోనే ఉంటుంది. ఊపిరి దాచుకోవాల్సిన పని కాదు, అదొక దెబ్బ. కింది మెట్లన్నీ ఈ వరసలోనే ఉన్నాయి. ఒకటి దాటేసి ఇంకోదానికి వెళ్లొద్దు.

1. ముందు ఏ ప్రాంతపు శైలో తేల్చుకోండి

ఇది ఆస్ట్రేలియా అంతటా పుట్టిన వాద్యం కాదు. దీని సొంత చోటు ఉత్తర ప్రాంతం, ముఖ్యంగా నార్తర్న్ టెరిటరీలోని ఆర్నెమ్ ల్యాండ్. సిడ్నీ, మెల్‌బోర్న్ వైపు ఆదివాసుల పాత సంప్రదాయంలో ఇది లేదు. వీధుల్లో వినిపించే కంగారూ గెంతులు, పక్షుల కూతలు, డ్రమ్ బీట్లు ఈ కాలపు శైలి. అందులో తప్పేమీ లేదు, కానీ మీరు నేర్చుకోవాలనుకుంటున్నది అది కాదు.

మొదలుపెట్టేవాళ్లకు రెండు దారులున్నాయి.

యిడాకి: ఈశాన్య ఆర్నెమ్ ల్యాండ్‌లోని యోల్ఙు జనుల వాద్యం. వాళ్ల పాటలు మనికాయ్, నాట్యంతో కూడిన వేడుక బుంగుల్, తాళం కర్రలు బిల్మా. ఈ వాయింపులో నాలుక దెబ్బ గట్టిగా ఉంటుంది. మోత మధ్యలో ఉన్నట్టుండి పైస్వరంలో ఒక కూత పడుతుంది.

మాగో: పశ్చిమ, మధ్య ఆర్నెమ్ ల్యాండ్‌లోని బినింజ్ జనులది. కున్‌బోర్క్ పాటలకు వాయిస్తారు. ఇందులో ఆ కూత ఉండదు. ఊపిరి ఊపు, గొంతుతో కలిపే సన్నని హమ్మింగ్ దీనికి ప్రాణం.

డేలీ నది ప్రాంతంలో వంగ్గా అనే మరో పాటల సంప్రదాయం ఉంది. వినండి, కానీ నేర్చుకోవడం దానితో మొదలుపెట్టకండి. అలాగే యిడాకి, మాగో రెండూ ఒకేసారి పట్టుకోవద్దు. నా సలహా అడిగితే మాగో వైపు మొదలుపెట్టండి. నాలుక తొందరపడదు, తప్పు ఎక్కడ జరిగిందో చెవికి తెలుస్తుంది.

2. వాయించే ముందు వినండి

ఇది పాటకు సహవాద్యం. సంప్రదాయ బృందంలో మామూలుగా ఒక్క డిడ్జెరిడూ మాత్రమే ఉంటుంది. నడిపించేది కర్రలు పట్టుకున్న గాయకుడు. ఆయన ఎత్తుకుంటే ఎత్తుకోవాలి, ఆపితే ఆపాలి. అందుకే ఒంటరి డిడ్జెరిడూ రికార్డింగులు కాకుండా గాయకుడు, కర్రలు, వాద్యం మూడూ ఉన్నవి వెతకండి. మాగోకి డేవిడ్ బ్లనాసి, యిడాకికి జాలు గుర్రువివి ప్రపంచమంతా తెలిసిన పేర్లు. ఇద్దరూ ఇప్పుడు లేరు. చాలా ఆదివాసీ కుటుంబాల్లో పోయినవాళ్ల పేరు పలకడం, ఫొటో చూపించడం విషయంలో పట్టింపులు ఉంటాయి. అక్కడివాళ్లతో మాట్లాడేటప్పుడు ముందు అడిగి ఆ పేర్లు ఎత్తండి.

మనికాయ్ పాట సాధారణంగా చిన్నది. గాయకుడు కూనిరాగంలా స్వరం పట్టుకుంటాడు, కర్రలు, యిడాకి అందుకుంటాయి, చివర అవి ఆగిపోయాక గొంతు ఒక్కటే కాసేపు సాగి ముగుస్తుంది. ఆ వెంటనే అదే వరసలో ఇంకో పాట వస్తుంది.

ఒక్కో పాటను నాలుగుసార్లు వినండి. ప్రతిసారీ ఒక్క పనే పెట్టుకోండి:

☐ మొదటిసారి: కర్రల దెబ్బలు మాత్రమే తొడ మీద వేయండి.
☐ రెండోసారి: వాద్యం ఎక్కడ మొదలైంది, గాయకుడి కంటే ఎంత ముందు ఆగింది?
☐ మూడోసారి: వాద్యకారుడు ఊపిరి తీసుకునే చోటు పట్టుకోండి. ముక్కు శబ్దం వినపడకపోయినా మోత రంగు ఒక్క క్షణం మారుతుంది.
☐ నాలుగోసారి: వాద్యం వినిపించినట్టే నోటితో పలకండి.

మూడోది అంత తేలిగ్గా దొరకదు. దొరికిన రోజున వాద్యం పట్టుకోవచ్చు.

3. అభ్యాసానికి పీవీసీ గొట్టం చాలు

మొదట్లోనే వేలు పోసి చెక్క వాద్యం కొనకండి. కావాల్సినవి:

☐ బయటి కొలత 40 మిల్లీమీటర్లున్న కొత్త పీవీసీ గొట్టం, 1.2 మీటర్లు (బోరుకు, డ్రైనేజీకి వాడిన పాత ముక్కలు వద్దు)
☐ తేనెమైనం, నిమ్మకాయంత ముద్ద (కొవ్వొత్తుల మైనం పనికిరాదు, పెళుసుగా ఊడిపోతుంది)
☐ హ్యాక్‌సా బ్లేడు, ఉప్పుకాగితం

గొట్టం రెండు చివర్లూ ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, లోపల సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో వేసి మెత్తబడ్డాక చిటికెన వేలు మందాన తాడులా చేయండి. గొట్టం అంచు చుట్టూ తిప్పి అతికించి, లోపలి కంత 28 నుంచి 30 మిల్లీమీటర్లు వచ్చేదాకా వేళ్లతో సర్దండి. మైనం పొయ్యి మీద నేరుగా కరిగించొద్దు. పీవీసీని మంట దగ్గరకు అసలే తీసుకెళ్లొద్దు, ఆ పొగ మంచిది కాదు.

1.2 మీటర్ల గొట్టం సుమారు 70 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మన లెక్కలో చెప్పాలంటే రెండు శ్రుతికి దగ్గరగా, బాగా మంద్రంలో. పొడవు తగ్గిస్తే శ్రుతి పెరుగుతుంది. మీటరుకు కోస్తే నాలుగు శ్రుతి దరిదాపుల్లోకి వస్తుంది. అయితే ముందు పొడుగుదానితోనే చేయి తిప్పుకోండి. కోసిన ముక్క మళ్లీ అతకదు.

4. పెదవులు: గట్టిగా కాదు, వదులుగా

గొట్టం లేకుండా పెదవులు వదిలేసి బుర్ర్‌ర్‌ర్ అనండి. బుగ్గలు, దవడ ఎక్కడా బిగువు ఉండకూడదు. ఇప్పుడు గొట్టం కింది చివర నేల మీద ఆనించి, మైనం అంచుకు పెదవులు గాలి చొరకుండా ఆనించి అదే బుర్ర్‌ర్ అనండి. నోటి మధ్యలో పెట్టినా, కాస్త పక్కకు పెట్టినా ఫర్వాలేదు, మీకు గాలి లీకు కాని చోటు చూసుకోండి.

బాకా ఊదే ధ్వని వస్తోందంటే పెదవులు బిగిశాయి. బుస్సుమని గాలి మాత్రమే వస్తోందంటే మరీ వదులయ్యాయి. రెండింటి మధ్య పెదవులను నెమ్మదిగా సడలిస్తూ పోతే ఒకచోట గొట్టమే అందుకుంటుంది. అరచేతిలో సన్నగా అదురు తెలుస్తుంది. అక్కడ ఊదే బలం సగానికి తగ్గించి చూడండి. మోత నిలబడితే పెదవులు సరిగ్గా కుదిరినట్టే.

తల తిరిగితే ఆపేయండి. మొదట్లో ఒకేసారి ఐదు నిమిషాలకు మించి ఊదొద్దు. హెర్నియా, అదుపులో లేని బీపీ, గ్లాకోమా ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడిగాకే గొట్టం ముట్టుకోండి.

5. నోటి పలుకులు: అసలు పాఠం ఇక్కడుంది

మృదంగం నేర్చుకునేవాళ్లు చేయి పెట్టేముందు సొల్లుకట్టు (తకధిమి లాంటి పలుకులు) నోటితో పలుకుతారు కదా, ఇక్కడా పద్ధతి అదే. వాద్యకారులు వరసలను నోటితో పలికి చూపిస్తారు. గొట్టంలోకి అవే కదలికలు వెళ్తాయి. కాకపోతే గొంతు బదులు పెదవుల అదురు మోగుతుంది.

నాలుక ఎక్కడుందన్నదే ధ్వని రంగును మారుస్తుంది. న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీకి చెందిన భౌతిక శాస్త్రవేత్తలు 2005లో దీన్ని కొలిచి చూపించారు. నాలుక పైకి లేచి నోరు, గొంతు దారి ఇరుకైనప్పుడు కొన్ని పౌనఃపున్యాలు అణిగిపోతాయి, మధ్యలో మిగిలినవి గట్టిగా వినిపిస్తాయి. మనకు "ఈ", "ఊ", "ఆ" తేడాగా వినిపించేది అదే.

చేసి చూడండి:

1. మోత పట్టుకుని, పెదవులు కదపకుండా లోపల నాలుకతో "ఊ–ఈ–ఊ–ఈ" అనండి. రంగు మారాలి, స్వరం మారకూడదు.
2. మోత మీద "దూ–దూ–దూ". నాలుక పళ్ల వెనక తగలాలి. మోత తెగకూడదు, నొక్కు మాత్రం పడాలి.
3. "ది–తూ". రెండో అక్షరం మీద పొట్టతో చిన్న తోపు.
4. "ది–తూ–వో". "వో" దగ్గర నాలుక వెనక్కి జరిగి, బుగ్గలు కాస్త ఉబ్బి నొక్కుకుంటాయి.

ఈ "ది–తూ–వో" అభ్యాసానికి పెట్టుకున్న వరస, ఎవరి పాటలోదీ కాదు. ముందు గొట్టం లేకుండా, తొడ మీద తాళం వేస్తూ, మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టి పలకండి. నోటితో తడబడకుండా ఐదు నిమిషాలు పలకగలిగితేనే గొట్టంలోకి వెళ్లండి. పలుకులు విసుగనిపించి నేరుగా గొట్టం ఎత్తుకునేవాళ్లు మళ్లీ ఇక్కడికే వస్తారు.

6. ఊపిరి: దాచకండి, దెబ్బలో కలపండి

ముక్కుతో గాలి తీసుకుంటూ బుగ్గల్లో గాలిని బయటికి నొక్కడమే శ్వాస తిప్పడం. ఇది మనకు కొత్తది కాదు. నాదస్వరం పక్కన ఒత్తు పట్టుకుని ఎడతెగకుండా శ్రుతి ఇచ్చేవాళ్లు చేసేదీ ఇదే. ఒత్తులో ఊపిరి వినపడకపోవడం గొప్ప. ఇక్కడ అలా కాదు, ఊపిరి తీసుకున్న చోట మోత ఒకసారి ఊగాలి, ఆ ఊపు తాళంలో సరిగ్గా పడాలి.

మెట్లు ఇవి:

మొదటి మెట్టు, నీళ్లతో. సింక్ ముందు నిలబడి నోటినిండా నీళ్లు పట్టండి. సన్నని ధారగా వదులుతూ, ధార ఆగకుండా ముక్కుతో ఒక్కసారి గాలి పీల్చండి. బుగ్గలు, గొంతు రెండూ వేరని శరీరానికి తెలిసేది ఇక్కడే.

రెండో మెట్టు, గాలితో. బుగ్గలు పూరించి, పెదవుల సందులోంచి గాలి వదులుతూ ముక్కుతో పీల్చండి. పీల్పు పొట్టిగా, వాసన చూసినట్టుగా ఉండాలి. ఊపిరితిత్తులు నిండా నింపే ప్రయత్నం వద్దు.

మూడో మెట్టు, స్ట్రాతో. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు వదలండి. పీల్చినప్పుడు బుడగలు తగ్గొచ్చు, ఆగకూడదు.

నాలుగో మెట్టు, గొట్టంతో. "ది–తూ–వో"లో "వో" దగ్గర బుగ్గలు నొక్కుతూ ముక్కుతో పీల్చండి. ప్రతి ఆవర్తనంలోనూ పీల్చండి, అవసరం లేకపోయినా సరే. చాలామంది గాలి అయిపోయేదాకా ఆగి, గాభరాగా పెద్ద పీల్పు తీస్తారు. మోత తెగిపోతుంది, తాళం జారుతుంది. చిన్న పీల్పులు తరచుగా తీస్తే ఆ టెన్షన్ ఉండదు.

కొద్ది రోజులకు వ్యతిరేక సమస్య వస్తుంది. ప్రతిసారీ పీల్చడం వల్ల లోపల గాలి ఎక్కువైపోయి ఛాతీ బిగుస్తుంది. అప్పుడు "తూ" మీద పొట్ట తోపు పెంచి గాలి కాస్త ఎక్కువ ఖర్చు చేయండి. గాలి రాకకూ పోకకూ లెక్క కుదిరేది అక్కడే, వాయింపుకు ఊపు వచ్చేదీ అక్కడే.

7. ఇక్కడి నుంచి దారులు వేరు

మాగో దారిలో వెళ్లేవాళ్లు మోత మీద గొంతు కలపండి. ముందు మోత స్వరంలోనే, ఒకటి రెండు స్థాయిల పైన, సన్నగా హమ్ చేయండి. తర్వాత పంచమానికి జరగండి. రెండు స్వరాలూ ఒకదాన్నొకటి రాసుకుని మూడో ధ్వని ఏదో పుట్టినట్టు వినిపిస్తుంది. అరవకండి, పెదవుల అదురు చెదిరితే గొంతు ఎక్కువైనట్టే.

యిడాకి దారిలో కూత కావాలి. మోత మధ్యలో పెదవులు ఒక్కసారి బిగించి, గాలి వేగం పెంచి "తూట్" అనిపించి, వెంటనే వదులు చేసి మోతలోకి దిగాలి. ఎక్కడం కంటే దిగడమే కష్టం. మోత నాలుగు దెబ్బలు, కూత ఒకటి, మళ్లీ మోత, ఇలా నెమ్మదిగా సాధన చేయండి. తిన్నని పీవీసీ గొట్టంలో ఈ కూత ఆధార షడ్జానికి ఒక స్థాయి పైన ఉండే పంచమంలో పలుకుతుంది. కిందికి వెడల్పయ్యే చెక్క యిడాకిలో అంత పైకి వెళ్లదు, ఇంకా తేలిగ్గా పడుతుంది. కాబట్టి పీవీసీలో కూత మొండికేస్తే మీ పెదవులను తిట్టుకోవద్దు.

8. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

మోత పది సెకన్లకే అయిపోతోంది: గాలి పెదవుల పక్కనుంచి లీకవుతోంది, లేదా మైనం కంత పెద్దదైంది. అద్దం ముందు కూర్చుని చూడండి, కంత 28కి తగ్గించండి.

పెదవులు దురద, మొద్దుబారడం: గొట్టాన్ని నోటికి గట్టిగా అదుముతున్నారు. బరువు నేల మీద ఆనాలి, పెదవుల మీద కాదు.

బుగ్గలు నొక్కినప్పుడు గాలి ముక్కులోంచి పోతోంది: నోటికీ ముక్కుకీ మధ్య తలుపు మూసుకోవడం లేదు. రెండు రోజులు గొట్టం పక్కనపెట్టి నీళ్ల మెట్టుకు తిరిగి వెళ్లండి.

లయ పరుగెడుతోంది: పీల్పు తొందరపడుతోంది. ఫోన్లో రికార్డు చేసుకుని కర్రల రికార్డింగు పక్కన పెట్టి వినండి.

అన్నీ వచ్చాయి, అయినా గందరగోళంగా ఉంది: వరసలు ఎక్కువయ్యాయి. ఒక్క వరసను పాట పొడవునా మార్చకుండా వాయించడం అక్కడ పెద్ద పని. నిలకడ లేకపోతే గాయకుడు దేని మీద నిలబడతాడు?

9. దాటకూడని గీతలు

మనికాయ్ పాటలు ఒక్కో వంశానికి చెందినవి, వాటి భూమితో ముడిపడినవి. మీరు రికార్డింగులో విన్న వరసను ఇంట్లో చెవి కోసం వాయించుకోవచ్చు. దాన్ని వేదిక మీద, వీడియోలో "ఫలానా వంశపు పాట" అని వేయడానికి వాళ్ల అనుమతి కావాలి. పీవీసీ గొట్టం మీద చుక్కల బొమ్మలు వేసి ఆదివాసీ కళ అనిపించుకోవడం కూడా వద్దు.

ఆడవాళ్లు వాయించవచ్చా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఆర్నెమ్ ల్యాండ్‌లో వేడుకల్లో వాయించేది మగవాళ్లే. సరదాగా ఊదడం మీద పట్టింపు చోటును బట్టి మారుతుంది. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో కొన్ని సముదాయాలకు గట్టి అభ్యంతరం ఉంది. 2008లో ఆడపిల్లల కోసం వేసిన ఒక పుస్తకంలో డిడ్జెరిడూ పాఠం పెట్టినందుకు అక్కడి ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పారు. ఆస్ట్రేలియాలో ఉన్న మన అమ్మాయిలు నలుగురిలో వాయించేముందు ఆ నేలవాళ్లను అడగడం మేలు.

10. చెక్క వాద్యం కొనేటప్పుడు

అసలైనవి చెదలు లోపల తిని బోలు చేసిన యూకలిప్టస్ మొద్దులు. పర్యాటకుల దుకాణాల్లో నకిలీలు చాలా ఉన్నాయి. ఇండోనేషియాలో చేయించిన డిడ్జెరిడూలు, బూమరాంగులను ఆదివాసులవని చెప్పి అమ్మిన ఒక కంపెనీకి ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2019లో 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

☐ తయారుచేసినవారి పేరు, ఊరు, భాషా సముదాయం రాసి ఇస్తున్నారా?
☐ లోపల టార్చ్ వేస్తే గోడ ఎగుడుదిగుడుగా ఉందా? నున్నగా, తిన్నగా ఉంటే డ్రిల్లు పెట్టారు, కణుపులు కనిపిస్తే వెదురు.
☐ యిడాకి అంటున్నారా, కూత తేలిగ్గా పడుతోందా? వాయించి వినిపించమనండి.
☐ డబ్బు ఎవరికి చేరుతోంది?

ఆదివాసుల సొంత కళాకేంద్రాల్లో కొనడం అన్నిటికన్నా నమ్మకం: యిర్కలాలో బుకు-లర్ంగ్గాయ్ ముల్కా, మానిన్‌గ్రిడాలో మానిన్‌గ్రిడా ఆర్ట్స్ అండ్ కల్చర్, గన్‌బలాన్యాలో ఇంజలక్ ఆర్ట్స్. స్వయంగా వెళ్లాలనుకుంటే ఆర్నెమ్ ల్యాండ్ ఆదివాసుల సొంత భూమి. రోడ్డు మీద వెళ్లడానికి నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్ నుంచి ముందుగా పర్మిట్ తీసుకోవాలి. నులున్‌బై దగ్గరి గుల్కులాలో ఏటా ఆగస్టులో జరిగే గార్మా ఉత్సవానికి వెళ్తే బుంగుల్‌ను కళ్లారా చూడొచ్చు.

తేమ గాలిలో పుట్టిన చెక్క ఏసీ గదిలో, ఎండలో నిలిపిన కారులో పగులుతుంది. ఇంటికి తెచ్చిన కొత్తలో కొన్ని వారాలు ఏసీకి, కిటికీ ఎండకు దూరంగా పెట్టండి. వాయించాక నిలువుగా ఆనించి లోపలి తడి ఆరనివ్వండి. మోత ఉన్నట్టుండి నీరసపడితే కింది చివర అరచేత్తో మూసి, పైనుంచి మెల్లగా ఊదండి. తడిపిన వేలు చెక్క వెంట జరుపుతూ పోతే గాలి చల్లగా తగిలిన చోటే పగులు. వెంట్రుకంత పగులైతే మెత్తబరిచిన తేనెమైనం అదిమితే ఆగుతుంది. గోరు దిగేంత ఉంటే చెక్క జిగురు నింపి, గుడ్డతో బిగించి కట్టి, మర్నాటిదాకా ముట్టుకోకండి.